ఉప్పు చల్లండి, రోడ్డు గట్టిపడుతుంది

కాంట్రాక్టర్ సోదరులకు శుభవార్త. ఇకమీదట మట్టి కట్ట మీద రోలరు ఎనిమిదిసార్లూ పదిసార్లూ తిప్పి డీజిల్ తగలేసుకోవలసిన ఖర్మ మీకు లేదు. కిరాణా కొట్లో రెండు బస్తాలు రాళ్ల ఉప్పు కొనండి. నీళ్ల ట్యాంకర్లో కలిపించండి. పొద్దు వాలాక లేయర్ మీద సమంగా కొట్టించండి. తెల్లారేసరికి సాంద్రత పెరిగి కూర్చుంటుంది. మట్టిలో పెరుగుతుందని నేననడం లేదు, మిషన్లో పెరుగుతుంది. బిల్లు పాసయ్యేది మిషన్ని చూసే కదా, మట్టినెవరు అడిగారు?

నవ్వులాటగా తీసుకోకండి. కరెంటు పంపి మట్టి సాంద్రత చెప్పే పరికరాలు నిజంగానే ఉన్నాయి. అమెరికాలో ఏఎస్‌టీఎం సంస్థ వీటిలో ఒక రకానికి డీ7698 అనే నంబరుతో ప్రమాణ పత్రం కూడా రాసిపెట్టింది. నాలుగు ఇనుప మేకులు మట్టిలో దిగ్గొడతారు. వాటికి వైర్లు తగిలిస్తారు. సెకనుకు లక్షలసార్లు అటూ ఇటూ ఊగే కరెంటు పంపుతారు. అది మట్టిలోంచి ఎంత సులువుగా నడిచింది, ఎంత తడబడింది అన్నది చూసి, స్క్రీన్ మీద రెండంకెలు పడేస్తుంది మిషన్: తేమ ఇంత, సాంద్రత ఇంత. గొయ్యి తవ్వే పని లేదు, ఇసుక పోసే పని లేదు, ఓవెన్లో పెట్టి రేపటిదాకా ఎదురుచూసే పని లేదు. ఏఈ గారు జీపు దిగకుండానే అద్దం దించి అంకె వినొచ్చు.

ఆ ప్రమాణ పత్రం రాసినవాళ్లు మాత్రం పెద్దమనుషులు. ఇది సహసంబంధం ద్వారా వేసే అంచనా అని శీర్షికలోనే ఒప్పేసుకున్నారు. ఆ ఒప్పుకోలు సముద్రం దాటి మన సైటుకొచ్చేసరికి ఎక్కడో జారిపోతుంది. సేల్స్ కుర్రాడి నోట్లో ‘అంచనా’ ఉండదు, ‘అక్యురసీ’ ఉంటుంది.

ఈ మిషన్ ఎవరి పని ఊడగొట్టడానికి బయల్దేరిందో ముందు చూడాలి. రోడ్డు పని జరిగేచోట ఎప్పుడైనా నిలబడి చూశారా? రోలరు దూరంగా ఆగి ఉంటుంది. నెత్తికి తువ్వాలు చుట్టుకున్న ల్యాబ్ కుర్రాడు, నడుమ గుండ్రటి రంధ్రమున్న చదరపు ట్రేని నేల మీద పెడతాడు. ఆ రంధ్రంలోంచి ఉలీ సుత్తీ పెట్టి, 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల లోతు గొయ్యి తవ్వుతాడు. తవ్విన మట్టిలో ఒక్క రేణువు పక్కకు పోకూడదు. చెంచాతో, ఆఖరికి వేళ్లతో గీకి, అంతా సంచిలోకి ఎత్తి తూకం వేస్తాడు. తర్వాత జల్లెడ పట్టి ఆరబెట్టిన ఇసుక నింపిన సిలిండర్‌ను ఆ గొయ్యి మీద నిలబెట్టి షట్టర్ తీస్తాడు. ఇసుక సుర్రున దిగుతుంది. ఆగాక షట్టర్ మూసి, మిగిలిన ఇసుక తూస్తాడు. దిగిన ఇసుక బరువునుబట్టి గొయ్యి ఎంతదో తేలుతుంది. మట్టి బరువును ఆ పరిమాణంతో భాగిస్తే సాంద్రత. సైటు భాషలో దీని పేరు ఎఫ్‌డీడీ. భారతీయ ప్రమాణాల్లో దీనికి ఐఎస్ 2720, 28వ భాగం అని చిరునామా.

ఇందులో తేమ తీసెయ్యాలి కదా. పద్ధతిగా అయితే 105 నుంచి 110 డిగ్రీల ఓవెన్లో 24 గంటలు. అంత ఓపిక ఎవరికుంది గనక, సైట్లో రాపిడ్ మాయిశ్చర్ మీటర్ అనే మూతబిగించిన సీసా ఉంటుంది. అందులో మట్టీ కాల్షియం కార్బైడ్ పొడీ వేసి ఊపితే, తడికి కార్బైడ్ గ్యాస్ వదులుతుంది, ఆ ఒత్తిడికి ముల్లు కదులుతుంది. మామిడికాయలు మగ్గేయడానికి దొంగచాటుగా వాడే కార్బైడే ఇది. మన దేశంలో చట్టబద్ధంగా, పట్టపగలు, రిజిస్టర్లో రాసి మరీ కార్బైడ్ వాడే చోటొకటి చూడాలనుకుంటే రోడ్డు పని ల్యాబుకు వెళ్లాలి.

చూడ్డానికి మోటుగా ఉంటుంది గానీ, ఈ ఇసుక పద్ధతికి ఒక మొండి గుణం ఉంది. ఇది మట్టిని తూస్తుంది. ఇంత గొయ్యిలో ఇంత మట్టి ఉంది, అంతే. మధ్యలో ఫార్ములా లేదు, సాఫ్ట్‌వేర్ లేదు, కంపెనీ రహస్యం లేదు. తప్పు జరిగితే అది మనిషి చేసిన తప్పే, ఎక్కడ జరిగిందో వేలెత్తి చూపించొచ్చు. పైగా ఈ టెస్టు జరిగేటప్పుడు పక్కన వైబ్రేటర్ రోలరు తిరగకూడదు. ఆ అదురుకు ఇసుక సర్దుకుని గొయ్యిలోకి ఎక్కువ దిగుతుంది. గొయ్యి పెద్దదైనట్టూ సాంద్రత తగ్గినట్టూ లెక్క తేలుతుంది. అంచేత టెస్టు అయ్యేదాకా రోలరు ఆపాలి. రోలరు ఆగితే గంటకింత అద్దె గాల్లో పోతున్నట్టే. సిలిండర్ మీద కాంట్రాక్టర్‌కున్న కోపం సాంకేతికమైనదని ఎవరైనా చెబితే నమ్మకండి.

అసలు ఇంత రాద్ధాంతం దేనికంటే, 1933లో లాస్ ఏంజెలెస్ నీటి సరఫరా శాఖలో పనిచేసే ఆర్. ఆర్. ప్రాక్టర్ అనే ఇంజనీరు మట్టి ఆనకట్టలు కడుతూ ఒక సంగతి కాగితం మీద పెట్టాడు. ఒకే మట్టిని ఒకే శక్తితో దిమ్మిసా కొడితే, పొడిగా ఉన్నప్పుడు సరిగా అణగదు, మరీ తడిగా ఉన్నప్పుడూ అణగదు. మధ్యలో ఒక తేమ దగ్గర మాత్రమే గరిష్ఠంగా అణుగుతుంది. ఆ తేమే ఓఎంసీ, ఆ గరిష్ఠ సాంద్రతే ఎండీడీ. ఇప్పటికీ ఇంజనీరింగ్ పిల్లలు ల్యాబులో లీటరు పట్టే ఇనుప అచ్చులో మట్టి పోసి, 4.9 కిలోల దిమ్మిసాను 450 మిల్లీమీటర్ల ఎత్తునుంచి, పొరకు 25 దెబ్బల చొప్పున అయిదు పొరలు కొట్టి, భుజాలు పట్టేసి హాస్టలుకెళ్తారు. కేంద్ర రహదారి శాఖ వాళ్ల స్పెసిఫికేషన్లు, సైట్లో అందరూ ‘మోర్త్ బుక్’ అనేది, ఆ ల్యాబు సాంద్రతలో కట్టకు 95 శాతం, దానిపైన సబ్‌గ్రేడ్‌కు 97 శాతం తగ్గకుండా రావాలంటుంది. ఆ శాతం రాని చోట వానాకాలంలో మట్టి దిగుతుంది, దాని మీద తారు దిగుతుంది, తారు మీద మీ టూ వీలరు దిగుతుంది.

ఇప్పుడు కరెంటు మహాశయుడి సంగతి. మట్టి రేణువుల్లో ఎక్కువ భాగం ఇసుకా పలుగురాయీ జాతి. వాటిలోంచి కరెంటు పోదు. అది పోయేది రేణువుల మధ్య సందుల్లో ఉన్న నీటిలోంచి. ఆ నీటిలోనైనా, కరిగిన లవణాలుంటేనే చురుగ్గా పోతుంది. బంకమట్టి అయితే రేణువు ఉపరితలం మీద నుంచి కూడా పాకుతుంది. అంటే మన మేకులకు మొదట కనిపించేది తడి, తర్వాత ఉప్పు, తర్వాత బంక, తర్వాత వేడి. సాంద్రత ఈ నలుగురి వెనక ఎక్కడో నిలబడి ఉంటుంది. ముందున్న నలుగురూ కదలకుండా నిలబడితేనే దాని మొహం కనిపిస్తుంది. జిమ్ముల్లో చెప్పులు విప్పి ఎక్కితే అరికాళ్లలోంచి కరెంటు పంపి ఒంట్లో కొవ్వెంతో చెప్పే మిషన్ ఉంటుంది చూడండి, అదీ ఇదీ ఒకే బడిలో చదువుకున్నాయి. రెండు చెంబుల నీళ్లు తాగి ఎక్కితే దాని అభిప్రాయం మారుతుంది. మీ కొవ్వు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఈ బడికి పాఠం రాసినాయన పేరు ఆర్చీ. షెల్ కంపెనీలో చమురు బావులు చూసే ఇంజనీరు. 1942లో ఇసుకరాతి పొరల్లో చమురెంత, నీళ్లెంత అని తేల్చుకోడానికి ఒక సూత్రం ప్రకటించాడు. రాతిలో ఖాళీ ఎంత ఉంది, ఆ ఖాళీలో నీటితో నిండింది ఎంత, ఈ రెంటినీ ఒక్కో ఘాతానికి హెచ్చించి, ఆ నీటి వాహకతతో గుణిస్తే రాతి వాహకత తెలుస్తుందన్నాడు. ఆ రెండు ఘాతాలకీ మామూలుగా వాడే విలువ 2. ఇక్కడే తమాషా. రెండూ 2 అయితే ఖాళీ సంగతి విడిగా మిగలనే మిగలదు. నీరు ఒకే రకమైతే, లెక్కలో మిగిలేది ఒక ఘనపు సెంటీమీటరు మట్టిలో నీళ్లెన్ని అన్నది ఒక్కటే. మట్టి గట్టిగా అణిగిందా, గుల్లగా ఉందా అన్న ప్రశ్న సూత్రంలోంచి తప్పుకుని ఇంటికెళ్లిపోతుంది.

అంకెల్లో చూడండి. ఒకచోట మట్టి బాగా అణిగింది, ఘనపు సెంటీమీటరుకు 1.8 గ్రాముల పొడి మట్టి, 10 శాతం తేమ. ఇంకోచోట రోలరు ఎక్కనే లేదు, 1.5 గ్రాములే, కానీ ట్యాంకర్ డ్రైవరు బీడీ ముట్టించుకునేలోగా నీళ్లు ఎక్కువ పడి తేమ 12 శాతమైంది. గుణించండి. రెండుచోట్లా ఘనపు సెంటీమీటరుకు నీళ్లు 0.18 గ్రాములు. తెగ్గొట్టి చెప్పాలంటే కరెంటుకు ఈ రెండు చోట్లూ కవలపిల్లలు. ఎండీడీ 1.8 అనుకుంటే మొదటిది నూటికి నూరు, రెండోది 83. రెండోది గుంటూరు మిర్చి లారీ ఒక్కటి ఎక్కితే కూర్చుంటుంది. కేవలం రెండు శాతం నీళ్లతో 17 శాతం పాపం కడిగేసుకునే అవకాశం ఏ పుష్కరాల్లోనూ దొరకదు.

అందుకే ఖరీదైన మిషన్లు ఒక్క వాహకతను నమ్ముకోకుండా, మట్టి ఎంత విద్యుదావేశాన్ని పట్టి ఉంచుకోగలదో కూడా చూసి, తేమను విడిగా తేల్చుకుని దాన్ని మినహాయించాలని ప్రయత్నిస్తాయి. ఇది మెచ్చుకోదగ్గ తెలివే. ఒకే మట్టి, నిలకడైన నీరు, ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసే మనిషి ఉంటే దగ్గరదగ్గరగా చెబుతాయి కూడా. ఆ మూడూ ఒకేచోట కలిసిన రోడ్డు పని మీకు తెలిస్తే ఆ ఊరి పేరు చెప్పండి, యాత్రకు వెళ్లొద్దాం.

మన నేలల సంగతి చూస్తే మిషన్‌కు కన్నీళ్లొస్తాయి. కర్నూలులో నల్లరేగడి, ఆదిలాబాద్‌లో నల్లరేగడి. ఎండాకాలంలో కాలు దిగేంత బీటలు, వానాకాలంలో ట్రాక్టరు దిగేంత బురద. ఆ బంక రేణువు ఉపరితలం కూడా కరెంటును మోస్తుంది కాబట్టి ఆర్చీ గారి సూత్రం అక్కడ అసలు పనికే రాదు. ఇసుకరాతికి కుట్టిన చొక్కా అది. ఉబ్బే గుణం మరీ ఎక్కువున్న నల్లరేగడిని కట్టలో వాడనే కూడదని మోర్త్ బుక్ చెబుతుంది. వాడామని మనమూ చెప్పం. ఇటు పల్నాడులో రెంటచింతల ఎండ. నేల ఒక డిగ్రీ వేడెక్కితే వాహకత సుమారు రెండు శాతం పెరుగుతుంది. తెల్లవారుజామున 22 డిగ్రీలున్న నేల మధ్యాహ్నం 42కు ఎక్కితే, రోలరు కదలకుండా, మేస్త్రీ లేవకుండా, వాహకత నలభై శాతం పెరిగినట్టు. మిషన్లో దీనికి థర్మామీటరుంది, దిద్దుబాటు ఉంది. అయితే పై పొర కాలుతున్న పెనంలా ఉండి జానెడు కింద చల్లగా ఉన్నప్పుడు ఏ వేడిని దిద్దాలో థర్మామీటరుకూ తోచదు.

ఇక భీమవరం వైపు వెళ్దాం. రొయ్యల చెరువుల మధ్య గట్టు మీద రోడ్డు వేస్తున్నారు. చెరువులో నీరు ఉప్పు, ఊట ఉప్పు, గట్టు మట్టి ఉప్పు. మంచి తాగునీటి వాహకత మీటరుకు ఒక డెసీసీమెన్స్ లోపే ఉంటుంది. సముద్రపు నీటిది సుమారు 50. వాహకత పెరిగితే సాంద్రత పెరిగినట్టు లెక్కగట్టే ఏ పద్ధతినైనా ఆ గట్టు మీదకు తీసుకెళ్లండి. మడమ నొక్కితే దిగబడే మట్టికి డిస్టింక్షన్ ఇస్తుంది. మొదట్లో నేను ఉప్పు బస్తాలు కొనమన్నది మెట్ట ప్రాంతపు కాంట్రాక్టర్లనే. కోస్తా సోదరులకు ఆ ఖర్చు కూడా లేదు, ప్రకృతే సబ్ కాంట్రాక్టు తీసుకుంది.

రైతుకు ఈ సంగతి కొత్త కాదు. 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రధాని ప్రారంభించిన భూసార కార్డులో పన్నెండు అంశాలుంటాయి. అందులో ఒకటి ఈసీ, అంటే ఇదే విద్యుత్ వాహకత. అది ఎక్కువుంటే నేల చౌడుబారుతోందని, పంట తేలిపోతుందని అర్థం. రైతు కార్డులో ఈసీ పెరిగితే వ్యవసాయ అధికారి నీళ్లు పెట్టి ఉప్పు కడిగేయమంటాడు, మొహం చిట్లిస్తాడు. అదే పొలం అంచున, అదే మట్టితో, అదే వాహకత చూసి రోడ్డు అధికారి ‘శభాష్, బాగా అణిగింది’ అని సంతకం పెట్టొచ్చు. ఒకే అంకె గట్టుకు ఇటు జబ్బు, అటు ఆరోగ్యం.

నాలుగు మేకుల విద్య కూడా పల్లెకు పాతదే. 1915లో వెన్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త నేలలో నాలుగు మేకులు వరసగా దిగ్గొట్టి, బయటి రెంటిలోంచి కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య వోల్టేజీ చూసే పద్ధతి ప్రచురించాడు. మన ఊళ్లలో బోరు పాయింటు పెట్టే జియాలజిస్టు వైర్లు చుట్టుకొచ్చి చేసేది ఆ కుటుంబానికి చెందిన పనే. ఆయన వెళ్లాక, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని నడిచే తాత వస్తాడు. ఇద్దరూ చెరో పాయింటు చెబుతారు. రైతు ఇద్దరికీ డబ్బులిస్తాడు, మూడోచోట బోరు వేయిస్తాడు. కానీ ఒక్క మర్యాద మాత్రం రైతు తప్పడు: ఎవరేం చెప్పినా, చివరికి రిగ్గు దించి నేలనే అడుగుతాడు. పంపిన కరెంటుకే నీరు తగిలిందని రాసుకుని మోటారు బిగించిన రైతు ఇంతవరకు పుట్టలేదు. అలాంటివాళ్లు పుట్టాలంటే డిపార్ట్‌మెంట్ ఉండాలి.

మిషన్ వాళ్లు గట్టిగా చెప్పే మరో మాట: మాది అణు గేజ్ కాదు, రేడియేషన్ లేదు. నిజమే. ప్రపంచమంతా దశాబ్దాలుగా వాడుతున్న న్యూక్లియర్ గేజ్‌లో సీజియం-137 ఉంటుంది, అమెరీషియం-బెరీలియం ఉంటుంది. మన దేశంలో దానికి అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతి కావాలి, తాళం కావాలి, శిక్షణ పొందిన మనిషి కావాలి, పోతే పోలీసు కేసు. ఆ బెడద తప్పించడానికే కరెంటు మిషన్లు పుట్టాయి, తప్పేం లేదు. అయితే ఒక తేడా మాత్రం మింగేస్తారు. గామా కిరణం దారికి అడ్డొచ్చే పదార్థాన్నిబట్టి తగ్గుతుంది. పదార్థం ఎక్కువుంటే ఎక్కువ తగ్గుతుంది. ఎన్ని లోపాలున్నా అది చూసేది ద్రవ్యాన్నే. కరెంటు చూసేది సందుల్లో తడిని. భయం తీసేశారు, దాంతోపాటు కొలవాల్సిన వస్తువును కూడా తీసేశారు.

అన్నిటికంటే మజా ఇంకొకటుంది. ఈ మిషన్‌ను పెట్టెలోంచి తీసి మట్టి మీద పెడితే అది ఏమీ చెప్పదు. ముందు దానికి ఆ మట్టిని పరిచయం చెయ్యాలి. అదే మట్టిని తడి మార్చి, అణచడం మార్చి, అనేకచోట్ల మేకులు దిగ్గొట్టి కరెంటు అంకెలు తీసుకుని, ప్రతిచోటా పక్కనే అసలు సాంద్రత కొలిచి దానికి నేర్పించాలి. అసలు సాంద్రత దేనితో కొలవాలి? ఉలి, ట్రే, సిలిండర్, ఇసుక! ఏ కుర్రాణ్ణి ఉద్యోగంలోంచి తీసేద్దామని మిషన్ కొన్నామో, ఆ కుర్రాడే దానికి అక్షరాభ్యాసం చేయించాలి. మట్టి మారితే మళ్లీ ఓనమాలు. మన సైట్లో మట్టి ఎన్నిసార్లు మారుతుందో తెలుసు కదా. పొద్దున వచ్చే టిప్పర్లో ఎర్ర గ్రావెల్, మధ్యాహ్నం చెరువు మట్టి, రాత్రి వచ్చే టిప్పర్‌లో ఏముందో డ్రైవరుకూ దేవుడికీ మాత్రమే తెలుసు. పొద్దున నేర్చుకున్న పాఠంతో మిషన్ రాత్రి పరీక్ష రాస్తుంది. పాసైపోతుంది కూడా. పేపరు దిద్దేవాడు లేకపోతే అందరూ పాసే.

పాత పద్ధతిలో మాత్రం రిజిస్టరు పతివ్రతా అని మీరడుగుతారు. అడగండి. ఏ సబ్‌గ్రేడ్ రిజిస్టరైనా తిరగెయ్యండి: 97.4, 98.1, 97.6, 98.3. నూట నలభై కోట్ల జనాభా గల దేశంలో ఏ రోడ్డు మీదా 96.9 రాదు. మట్టి ఇంత క్రమశిక్షణగా అణుగుతుందని తెలిస్తే ప్రాక్టర్ దిమ్మిసా పక్కన పడేసి ఇక్కడికొచ్చి శిష్యరికం చేసేవాడు. ఆ అంకెలు ఎలా పుడతాయో వినిపిస్తాను.

“ఏమయ్యా, పొద్దున తొంభై మూడే వచ్చిందన్నావు?”

“అది ట్రయల్ సార్. ఇప్పుడు చూడండి, తొంభై ఎనిమిది పాయింట్ రెండు.”

“మళ్లీ రోలరు తిప్పారా?”

“లేద్సార్, పాయింటు మార్చాం.”

“ఊఁ. ర్యాండమ్‌గానే మార్చారు కదా?”

“మీరెక్కడ చూపిస్తే అక్కడే సార్. మీరు టీ తాగేచోటు దగ్గర.”

ఈ సంభాషణలో ఇసుక పద్ధతి తప్పు ఎంత? ఏమీ లేదు. తవ్వితే నిజం చెప్పింది, తొంభై మూడు అంది. ఆ నిజం నచ్చక మనుషులు చోటు మార్చారు. ఇప్పుడు ఇదే మనుషుల చేతిలో, గొయ్యి తవ్వనక్కర్లేని, నిమిషానికొక అంకె ఇచ్చే, ఎవరికీ లోపలి లెక్క తెలియని పెట్టె పెట్టండి. చోటు వెతుక్కునే శ్రమ కూడా తగ్గుతుంది. గొయ్యికి ఒక గుర్తు మిగులుతుంది, పూడ్చినా ఆనవాలుంటుంది, పై ఆఫీసరు వస్తే పక్కనే ఇంకో గొయ్యి తవ్వించి సరిచూడొచ్చు. మేకు దిగ్గొట్టిన కన్నం సాయంత్రానికి పూడిపోతుంది. మర్నాడు సరిచూద్దామంటే తేమ మారింది, వేడి మారింది, ‘నిన్నటి కండిషన్ వేరు సార్’ అన్న జవాబు సిద్ధం. శాస్త్రీయంగా ఆ జవాబు నిజమే కావడం ఈ విద్యలోని అందం.

స్పెసిఫికేషన్లు రాసిన ముసలాయన ఎవరోగానీ ఈ సంగతి ఎప్పుడో ఊహించాడు. మోర్త్ బుక్ 903వ సెక్షన్లో, ఒక సెట్‌కు ఇన్ని సాంద్రత పరీక్షలు చెయ్యాలని చెబుతూ, నేలను తవ్వకుండా చేసే పద్ధతి వాడితే ఆ సంఖ్య రెట్టింపు చెయ్యాలని రాసిపెట్టాడు. పరీక్ష చోట్లు ర్యాండమ్‌గా తియ్యాలనీ, ఒక్క పరీక్ష చూసి నిర్ణయించకూడదనీ, సగటుతోపాటు అంకెలు ఎంత చెదిరాయో కూడా చూడాలనీ రాశాడు. అంటే అన్ని అంకెలూ 97కు పైన ఉంటే చాలదు, ఆ సగటు, చెదురును కలుపుకుని మరీ పైన ఉండాలి. సాంద్రతను నమ్మాలంటే అనుమానించడం రావాలని ఆయన ఉద్దేశం. టెండరు డాక్యుమెంటుకు మనం ఆ పుస్తకం కుట్టి ఇస్తాం, అది విప్పకుండానే తిరిగొస్తుంది.

కరెంటు పద్ధతి దండగ అని తీర్పు చెప్పడం నా పని కాదు, అది నిజమూ కాదు. మట్టి ఆనకట్టలో ఊట ఎక్కడ మొదలైందో నిరోధకత కొలిచి కనిపెట్టడానికి ఇంజనీర్లు దీన్ని వాడుతున్నారు. పొలంలో ఏ మూల చౌడు, ఏ మూల బంక అని మ్యాపు గీయడానికి నేలను తాకకుండానే మోసుకెళ్లే ఈఎం38 లాంటి మిషన్లున్నాయి. రోడ్డు పనిలో కూడా కిలోమీటరు పొడవునా గబగబా మేకులు దిగ్గొట్టుకుంటూ పోయి, మిగతా వాటితో పొంతన లేని చోటు పట్టుకోడానికి ఇంతకంటే చవకైన గూఢచారి దొరకడు. ఇక్కడేదో తేడాగా ఉంది, తవ్వి చూడండి అని చెప్పడం దానికి చేతనైన పని. ఇక్కడ బాగుంది, తవ్వకండి అని దానిచేత చెప్పించడం మనకు చేతనైన పని.

కాబట్టి క్వాలిటీ కంట్రోల్ ఇంజనీరు గారూ, మిషన్ కొనండి. దానితో ముందు నడవండి, చెడ్డ అంకె వచ్చినచోట ఆగండి, అక్కడ ఉలి దించండి. మంచి అంకె వచ్చినచోట కూడా, టీ కొట్టుకు దూరంగా, మీరే చీటీ తీసి నాలుగు గోతులు తవ్వించండి. ఆ పని చెయ్యలేకపోతే కంపెనీవాళ్లకు ఫోన్ చేసి, 97కు తగ్గకుండా చూపించే మోడల్ ఏదైనా ఉందా అని నేరుగా అడిగెయ్యండి. ఇన్ని మేకులు దేనికి?

ఇక పాఠకులకు ఒక మాట. మీ ఊరి రోడ్డు పనిలో ఇవన్నీ అడిగే అర్హత మీకు లేదని ఎవరైనా అంటే, 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) చూపించండి. పనులనూ రికార్డులనూ తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నుంచి సర్టిఫైడ్ నమూనాలు తీసుకునే హక్కు అందులో మీ పేరు మీద రాసి ఉన్నాయి. జాతీయ రహదారైతే దరఖాస్తు రుసుము పది రూపాయలు. మూడు కాగితాలు అడగండి: ఆ మట్టికి చేసిన ప్రాక్టర్ రిపోర్టు, ఎఫ్‌డీడీ రిజిస్టరు, ప్రతి టెస్టూ ఏ కిలోమీటరు రాయి దగ్గర ఏ తేదీన చేశారన్న పట్టిక. మిషన్ వాడామంటే నాలుగోది కూడా అడగండి: దానికి ఈ మట్టిని పరిచయం చేసిన రోజు తవ్విన గోతుల లెక్క.